గుండెదడ కషాయం

మా అమ్మ ప్యాంటు చిరిగిన చప్పుడు రెండు వరసల అవతల చేపలమ్మే వాళ్లకి కూడా వినిపించిందని నూడుల్స్ కొట్టు చిల్సున్ అత్త ఇప్పటికీ చెబుతుంది. అత్త చెప్పేదాంట్లో సగం కొట్టేసినా, చప్పుడు గట్టిదే. నేనక్కడే ఉన్నాను.

కొరియాలోని దేగు ఊళ్లో, సోమున్ బజారు లోపల అమ్మది ఆల్టరేషన్ షాపు. షాపంటే ఒక కుట్టుమిషను, ఒక స్టూలు, ఒక నిలువుటద్దం, తల తిప్పడం మానేసిన ఫ్యాను. అమ్మ పేరు బున్‌రే. ఆ చుట్టుపక్కల నడుములన్నీ ఆమెకి కంఠస్థం. ఎవరైనా ప్యాంటు తెచ్చి మిషను మీద పెడితే టేపు తీయకుండానే, "ఈ ఏడు విందులు బాగానే తగిలినట్టున్నాయే" అనేస్తుంది. వాళ్లు మొహాన నవ్వు పులుముకుని, లోపల తిట్టుకుంటూ పోతారు. అలాంటి మనిషి కింద పడ్డ బొత్తాం కోసం వంగింది. సొంత ప్యాంటు వెనక కుట్టు పైనుంచి కిందిదాకా విచ్చుకుపోయింది.

సరిగ్గా ఎదురుగా జిప్పుల ప్యో గారు నిలబడి ఉన్నారు. శనివారం శనివారం జిప్పులూ దారాలూ తెచ్చి ఇచ్చే మనిషి. పొడుగ్గా, సన్నగా, ఎంత తిన్నా ఒళ్లు చేయని రకం. భార్య పోయి చాలా కాలమైంది. ఆయన వెంటనే గోడవైపు తిరిగి, క్యాలెండరు మీద చూపు నిలిపి, "ఈసారి ఛూసోక్ పండగ తొందరగా వస్తోందే" అన్నారు.

అమ్మ స్టూలు మీద కూలబడి ఒళ్లో గుడ్డ కప్పుకుంది. "కుట్టు నాదే. కుట్టులో తప్పు లేదు. దారం నాసిరకం."

"మార్చి తెస్తానండీ, ఓనరు గారూ" అన్నారు ప్యో గారు క్యాలెండరుతోనే.

వాళ్లిద్దరూ ఒకరినొకరు ఓనరు గారూ అనే పిలుచుకుంటారు. ఇద్దరి షాపులూ కలిపినా ఒక మంచం పట్టదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ బరువు చూసే మిషను ఎక్కింది, దిగింది, మిషనుని నేల మీద ఇంకోచోటికి జరిపి మళ్లీ ఎక్కింది. ఇల్లంతా అలా జరిపి చూసినా దానికి జాలి కలగలేదు. "నీళ్లు తాగినా ఒళ్లొచ్చే శరీరమే నాది" అంది.

"నీళ్లలో క్యాలరీలుండవమ్మా" అన్నాను.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను బడిలో డైటీషియన్ని. పిల్లల పళ్లెంలో ఏ పూట ఏముండాలో, ఎన్ని గ్రాములుండాలో రాసేది నేనే. నేను కూడా లావే. దీని మీద వేయగలిగిన జోకులన్నీ నా తోటి టీచర్లు ఎప్పుడో వేసేశారు. ఆ వేసవి సెలవుల్లో నేనూ డైటింగ్ మొదలుపెట్టాను. ఉప్పులేని కోడి రొమ్ముముక్క, కీరా దోసకాయ, చిలగడదుంప, తూకమేసిన అన్నం. అమ్మనీ నాతోపాటు తినమన్నాను.

"ఆ కోడిముక్క నువ్వు నములుతుంటే చూశా. చెప్పు అట్ట నమిలినట్టుంది. నేను టాక్ డాక్టరు దగ్గరికెళ్తా. కషాయంతో తగ్గుతా" అంది అమ్మ.

"కషాయంతో తగ్గేది మతి. ఒళ్లు కాదు."

"అయితే పందెం. పండగనాటికి ఎవరు తక్కువ తగ్గితే వాళ్లే మీ నాన్నకి పెట్టే వంటంతా ఒక్కర్తే చేయాలి. అట్లు వేయించడం, ఉండ్రాళ్లు ఒత్తడం, అన్నీ."

నాన్న పోయినప్పటి నుంచీ, శరత్కాలంలో పెద్దలకి పెట్టుకునే ఆ ఛూసోక్ పండగరోజు ఆయన ఫొటో ముందు పెట్టే వంట ఇద్దరం కలిసే చేస్తున్నాం. ఆ నూనె పొయ్యి ముందు ఒక్కదాన్నే కూర్చోవడమంటే మాటలు కాదు. సరే అన్నాను.

మందుల వీధిలో టాక్ డాక్టరు దవాఖానా మెట్లెక్కుతుంటేనే వేర్లూ బెరళ్లూ ఉడుకుతున్న వాసన ముక్కులో దూరుతుంది. కనుబొమలు కళ్ల మీదికి వాలిన ముసలాయన. తెరల వెనక మంచాల మీద ఆడవాళ్లు పొట్టలనిండా సూదులు గుచ్చుకుని వెల్లకిలా పడుకుని, కోడళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆయన అమ్మ మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి కళ్లు మూసుకున్నారు. ఎంతసేపటికీ తెరవలేదు. నిద్రపోయారేమో అనుకున్నాను.

"చెమట పడితే హాయిగా ఉంటుందా, నీరసంగా ఉంటుందా?"

"హాయిగా ఉంటుందండీ."

"విరేచనం?"

అమ్మ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు వివరంగా చెప్పింది. తెరల వెనక కోడళ్ల కబుర్లు ఆగిపోయాయి.

"మీది తేయూమ్ తత్వం. లోపలికి తీసుకోవడం ఎక్కువ, బయటికి వదలడం తక్కువ. ఎద్దుమాంసం మీకు పడుతుంది, కోడి పడదు."

అమ్మ గెలిచినట్టు నావైపు చూసింది. "అంటే డాక్టరు గారూ, నేను తిని లావవలేదన్నమాట."

"తిని కూడా అయ్యారు" అన్నారాయన.

ఆ రెండో మాట అమ్మ చెవిన పడలేదు. ఆయన కషాయం ప్యాకెట్లు రాసిచ్చి, ఒంట్లో ఏ తేడా అనిపించినా వెంటనే రమ్మని చెప్పి, రాత్రి భోజనం పొద్దు వాలకముందే ముగించమన్నారు, అన్నం సగం చేయమన్నారు, తిన్నాక నడవమన్నారు. మెట్లు దిగుతూ అమ్మ ఆ మూడూ నాకు మళ్లీ వల్లించింది.

"అమ్మా, వసంతకాలం నుంచీ నేను మొత్తుకుంటున్నది అదే కదా!"

"నువ్వు నాడి పట్టుకుని చెప్పలేదుగా" అంది అమ్మ.

ఇక చూడండి. పొద్దున్నే షాపు తెరిచి, నల్లటి ప్యాకెట్ కొస కత్తిరించి, ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో తాగేసేది. ఆ తర్వాత ఆకలన్న మాటే లేదు. ఆకలి పోవడంతో పాటు నెమ్మది కూడా పోయింది. మిషను తొక్కుతుంటే పెడల్ కనిపించేది కాదు. ప్యాంటు ఇచ్చి, వెనక్కి తిరిగి దగ్గి, మళ్లీ ఇటు తిరిగేలోపల పని అయిపోయేది. ఆ వేసవిలో మా బజారులో అవసరం లేని ప్యాంట్లు కూడా కొన్ని టైటయ్యాయి. మాటలు కూడా అంతే. నోరెండిపోతోందంటూనే ఆపేది కాదు.

జులై ఎండ మంచి కాకమీదున్నప్పుడు బోక్‌నాల్ వచ్చింది. ఆ రోజు ఎంత పేదింట్లోనైనా పొగలు కక్కే కోడి పులుసు తాగి, వేడిని వేడితోనే తరమాలి. చిల్సున్ అత్త జిన్‌సెంగ్ వేరూ, బియ్యమూ కూరి ఉడికించిన రెండు పిల్లకోళ్లని గిన్నెతో సహా ఇంటికి తెచ్చిచ్చింది.

"కోడి నా తత్వానికి పడదు. నువ్వు తిను" అంది అమ్మ, గిన్నె నావైపు తోస్తూ.

"నేను రొమ్ముముక్క తూకం ప్రకారం తింటున్నానమ్మా."

"ఇదీ కోడే కదా. ఇందులోనూ రొమ్ముంది. తూచుకో."

తూచాను కూడా. తూచిన ముక్క తిన్నాక తూచనివి గిన్నెలో మిగిలాయి. పారేస్తే పాపమని అవీ తిన్నాను. అమ్మ ముందు ఉన్న రెండోదాన్నీ పాపం నుంచి కాపాడాను. అమ్మ అన్నం ముట్టని ప్రతిపూటా ఈ కాపాడే పని నాదే అయింది. వారం తిరిగేసరికి అమ్మ నడుము పట్టీ వదులైంది. నాది మాత్రం బిగిసింది. కడుపు నిండా తిన్నాక, తిన్నదంతా లెక్కకట్టుకుని ఏడ్చేంత చదువు నాకు మాత్రమే ఉండటం అన్యాయమనిపించింది.

ఆగస్టులో ఒక సాయంత్రం మేడ మీద బల్ల వేసుకుని కూర్చున్నాం. నేను కీరా దోసకాయ కొరుకుతున్నాను. అమ్మ విసనకర్రతో నాకూ తనకీ కలిపి విసురుతోంది. ఉన్నట్టుండి విసరడం ఆపింది.

"ఒక మాట చెబుతా. నవ్వావంటే చూడు."

"ఇంత ఆకలి మీద నవ్వెక్కడి నుంచి వస్తుంది? చెప్పు."

"ప్యో గారు షాపు ఎత్తేస్తున్నారట. చెంగ్‌దోలో వాళ్లన్నయ్య పర్సిమన్ పళ్ల తోట ఉంది కదా. పండగ కాగానే అక్కడికెళ్లిపోతారట." అమ్మ గొంతు సవరించుకుంది. "కోతకి చేతులు కావాలి, కోసింది తినడానికి ఒక నోరు కూడా కావాలి, వస్తారా ఓనరు గారూ అన్నారు."

దోసకాయ నా గొంతుకి అడ్డం పడింది. "నోరు కావాలన్నారా?"

"ఆయన మాట్లాడటం అంతే. నాకర్థమైంది. పండగలోపల చెప్పమన్నారు."

"నువ్వేమనుకుంటున్నావు?"

అమ్మ అరవై రెండేళ్ల మొహం నేనెన్నడూ చూడని రంగులోకి తిరిగింది. "గుండె కొట్టుకుంటోందే. ఆయన జిప్పుల సంచి పట్టుకుని వరస చివర కనిపిస్తే చాలు, ఇక్కడ దడదడమంటుంది. చేతులు వణికి సూదిలోకి దారం ఎక్కదు. నేనేమో ఇదంతా టీవీ సీరియళ్లలో కల్పించి చెబుతారనుకునేదాన్ని." విసనకర్ర ఒళ్లో పెట్టుకుంది. "మీ నాన్నని చూస్తే ఏనాడూ ఇలా కాలేదు. పెళ్లిచూపుల్లో కూడా కాలేదు. ముప్పై ఏళ్లు కాపురం చేశాం. మంచి మనిషి, పాపం. ఆయనకి అన్యాయం చేశానేమోనని నాలుగు రోజులుగా ఒకటే బాధగా ఉంది. అందుకే, ఈసారైనా వచ్చిన దడని కాదనకూడదనుకున్నా. వెళ్తానని చెప్పేస్తా."

ముందు నా ఇల్లు ఖాళీ అయిపోతున్నట్టనిపించింది. ఆ తర్వాత నాన్న మీద జాలేసింది. ఆ రెండింటి వెనక, నాలోని డైటీషియన్ మెల్లగా తల ఎత్తింది.

"అమ్మా, దడ శనివారాలే వస్తుందా?"

"ఆయనొచ్చేది శనివారమే కదా."

"పొద్దున కషాయం తాగాక వస్తారా, ముందా?"

"తాగాకే. అయితే ఏంటి?"

అప్పటికి మిగిలిన దోసకాయ కొరికాను. కాలేజీలో నా రూమ్మేటు పెళ్లికి ముందు ఇలాంటి కషాయమే తాగి, పరీక్ష హాల్లో గుండె పట్టుకుని కూర్చుంది. మాహ్వాంగ్ అనే కొమ్మ ఒకటి ఉంటుంది. ఆకలిని చంపుతుంది, ఒంటిని పరుగులు పెట్టిస్తుంది, గుండెని కూడా వెంట లాక్కెళుతుంది. మర్నాడు, అది శనివారం కాదు, అమ్మతోపాటు షాపుకెళ్లాను. కషాయం తాగిన కాసేపటికి ఆమె మణికట్టు పట్టుకుని కూర్చున్నాను.

"నువ్వు కూడా నాడి చూడటం నేర్చుకుంటున్నావా?" అంది అమ్మ మురిసిపోతూ.

"మాట్లాడకు. అదిగో, గ్యాసు సిలిండరతను వస్తున్నాడు. చూడు."

"చూశా."

"దడ ఉందా?"

అమ్మ కాస్త సర్దుకుని కూర్చుంది. "సిలిండరు బరువు కదా, ఎక్కడ పడేస్తాడోనని..."

"సరే. అద్దం పక్కన బొమ్మని చూడు. ప్యాంటు తొడిగిన బొమ్మ."

అమ్మ చూసింది. వేళ్ల కింద ఆమె నాడి కుట్టుమిషనులా పరుగెత్తుతోంది.

"ఎదురుగా చిల్సున్ అత్తని చూడు."

అత్త పిండి ముద్ద మీద కర్ర పట్టుకుని, నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటోంది.

"ఉంది" అంది అమ్మ, వినీ వినపడనట్టు.

"మరి అత్తని కూడా పెళ్లి చేసుకుంటావా?"

ఆ మాట నోరు జారాక అర్థమైంది, ఎంత మొరటుగా ఉందో. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను మాహ్వాంగ్ సంగతి చెప్పాను. విన్నంతసేపూ అమ్మ ఒళ్లో ఉన్న ప్యాంటు కాలు మడత పెడుతూ, విప్పుతూ ఉంది. తర్వాత చెప్పులేసుకుని, ఫ్యాను కూడా కట్టేయకుండా, తిన్నగా మందుల వీధికి నడిచింది. వెనకాల నేను ఆయాసపడుతూ పరుగెత్తాను. ఆ సెలవుల్లో నేను చేసిన అసలు వ్యాయామం అదొక్కటే.

టాక్ డాక్టరు ఎవరికో పొట్ట మీద సూది పెడుతున్నారు. అమ్మ తెర లాగేసింది.

"డాక్టరు గారూ, మీ కషాయంలో మాహ్వాంగ్ ఉందా?"

"కొద్దిగా ఉందండీ. మొదటిరోజే చెప్పాను కదా, గుండె దడగా ఉంటే వెంటనే వచ్చి చెప్పమని."

"దడగానే ఉంది."

"ఎప్పటి నుంచి?"

"నెల పైనైంది."

డాక్టరు సూది పక్కన పెట్టేశారు. కనుబొమల కింద కళ్లు మొదటిసారి పూర్తిగా కనిపించాయి. "నెల పైనుంచా! మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఇంకో సంగతేమో అనుకున్నా."

"ఏం సంగతి?"

పొట్టనిండా సూదులున్న ఆవిడ పడుకున్నచోటి నుంచే, "మగాడి సంగతి అయుంటుంది డాక్టరు గారూ" అంది. పక్క తెర వెనక నుంచి, "ఎవరే, జిప్పులాయనా?" అని ఇంకో గొంతు. ఆ బజారులో గుట్టు అనేది పుట్టలేదు.

ముసలాయన చెవుల దాకా ఎర్రబడ్డారు. గబగబా అమ్మని కూర్చోబెట్టి, రెండు చేతుల నాడీ చూసి, రక్తపోటు కూడా చూసి, మిగిలిన ప్యాకెట్లన్నీ తెచ్చిచ్చేయమన్నారు. ఆ కొమ్మ లేకుండా వేరే రాస్తాననీ, ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి కొన్నాళ్లు పడుతుందనీ చెప్పారు.

"పోయాక?" అంది అమ్మ.

"పోయాక కూడా కొట్టుకుంటే, అది మీదే. నా మందుది కాదు" అన్నారాయన.

అమ్మ కొత్త కషాయం కూడా వద్దంది. ఏ మందూ లేకుండా శనివారం కోసం కూర్చుంది. నా సెలవులు అయిపోయినా శనివారం బడి ఉండదు కాబట్టి, నేనూ మిషను వెనక స్టూలేసుకుని కూర్చున్నాను. ప్యో గారు వరస చివర సంచితో కనిపించారు. మెల్లగా, అందరినీ పలకరించుకుంటూ వచ్చారు. నల్ల జిప్పులూ, నీలం జిప్పులూ లెక్కపెట్టి ఇచ్చారు. దారం మార్చి తెచ్చానన్నారు. పండగ విషయం ఎత్తలేదు. కాసేపు నిలబడి, ఎండ గురించి ఒక మాట అని వెళ్లిపోయారు.

నేను అమ్మవైపు చూశాను.

"లేదు" అంది అమ్మ. "ఒక్కసారి టక్కుమని కూడా అనలేదు. మీ నాన్నని చూసినట్టే ఉంది."

నాకు సంతోషం వేసింది. దాచడమెందుకు, అమ్మ ఎక్కడికీ పోదు, మేడ మీద బల్ల, విసనకర్ర, పోట్లాటలు అన్నీ ఉన్నచోటే ఉంటాయి అనుకున్నాను. ఆ సంతోషం ఆదివారం సాయంత్రానికే పలచబడిపోయింది. అమ్మ మళ్లీ నెమ్మదిగా కుడుతోంది. ఎవరి నడుము గురించీ ఏమీ అనడం లేదు. ఒక పెద్దాయన తన ప్యాంటు ఎంత లూజు చేయాలో అమ్మే చెబుతుందని ఎదురుచూసి, చివరికి తానే సిగ్గుపడుతూ చెప్పుకున్నాడు. అప్పుడు నాకు దిగులేసింది. అబద్ధపు దడే అయినా అమ్మకి అది బాగుంది. దాన్ని పట్టుకుని కొలిచింది నేనే.

కషాయం లేకపోయినా బరువు మాత్రం తగ్గుతూనే పోయింది. రాత్రి భోజనం వెలుగుండగానే తిని, పార్కు చుట్టూ తిరిగి వచ్చేది. తగ్గించింది నా పద్ధతి అని నేను, మొదట దారి వేసింది డాక్టరు కషాయమని అమ్మ, రెండూ కాదు దిగులని చిల్సున్ అత్త. ఎవరి మాట మీద వాళ్లం నిలబడ్డాం. పందెం ఓడింది మాత్రం నేనేనని ముగ్గురం ఒప్పుకున్నాం.

పండగ ముందు శనివారం ప్యో గారు సంచి లేకుండా వచ్చారు. షాపు ఖాళీ చేసేశారట. మధ్యాహ్నమైంది, తిందాం రండని అమ్మనీ నన్నూ అత్త కొట్టుకి పిలిచారు. ఇరుకు బెంచీ మీద అటు ప్యో గారు, మధ్యలో అమ్మ, ఇటు నేను, మోచేతులు తగులుతూ కూర్చున్నాం. అత్త చేత్తో కోసిన నూడుల్స్ మరుగుతున్న పులుసులో వేసి, గిన్నెల్లో నింపి పెట్టింది. పెట్టి పక్కకి పోకుండా గరిట పట్టుకుని మా ఎదురుగానే నిలబడింది.

కాసేపు ముగ్గురం పులుసు జుర్రుకున్నాం. ప్యో గారు గొంతు సవరించుకునేలోపల అమ్మే అందుకుంది.

"ఓనరు గారూ, ఒకటడుగుతా. నన్ను చూస్తే మీకు గుండె దడదడమంటుందా?"

ఆయన చాప్‌స్టిక్స్ గిన్నె మీద పెట్టేశారు. బాగా ఆలోచించారు. "నిజం చెప్పాలాండీ?"

"ఈ వయసులో అబద్ధాలు ఎక్కడ దాచుకుంటాం?"

"అనదండీ."

అత్త గరిట గాల్లో ఆగిపోయింది. నేను గిన్నెలోకి తలవంచుకున్నాను.

"పెద్దాసుపత్రిలో రక్తపోటుకి మాత్ర ఇచ్చారండీ" అన్నారు ప్యో గారు, తప్పు చేసినవాడిలా. "గుండెని తొందరపడనివ్వదట. దాన్ని మూడేళ్లుగా వేసుకుంటున్నా. ఇల్లు అంటుకున్నా నాకు దడ రాదు. ఆ మధ్య మీ ప్యాంటు చిరిగినప్పుడు కూడా రాలేదు."

అత్త ఫక్కున నవ్వి, అటు తిరిగి పొయ్యి మీద లేని మంటని సరిచేయడం మొదలుపెట్టింది. అమ్మ నవ్వలేదు.

"మరి, నన్ను రమ్మని అడగాలని మీకెలా తెలిసింది?"

"శనివారం ఆకలేస్తుందండీ" అన్నారాయన. "మిగతా రోజుల్లో గడియారం చూసుకుని తింటా. శనివారం మీ షాపు నుంచి వస్తుంటే మాత్రం దానంతటదే వేస్తుంది. అది బాగుంటుంది. అంతకన్నా నాకు చెప్పడం రాదు."

అమ్మ తన గిన్నెలోకి చూసుకుంది. నేనూ చూశాను. అడుగున పులుసు కూడా లేదు. వేసవి మొదలయ్యాక అమ్మ గిన్నె ఖాళీ చేయడం అదే మొదటిసారి. ఎప్పుడు తిన్నదో ఆమెకే తెలిసినట్టు లేదు.

"మిరాన్" అంది నావైపు తిరిగి, చాలా మెల్లగా. "మీ నాన్న పోయిన ఏడాది నేనెలా తిన్నానో గుర్తుందా?"

గుర్తుంది. వేళకి బడి నుంచి ఫోన్ చేసి, అమ్మా తిన్నావా అని నేనడిగితేనే తినేది. అడగకపోతే సాయంత్రం దాకా మర్చిపోయేది.

"ఆయన ఉన్నన్నాళ్లూ మూడుపూటలా ఠంచనుగా ఆకలేసేది. అదేదో నా తిండిపోతుతనం అనుకున్నా." అమ్మ కళ్లు తుడుచుకోలేదు గానీ తుడుచుకోవాల్సినంత ఉన్నాయి. "దడ లేదని ఊరికే బాధపడ్డా. పిచ్చి మొహాన్ని. నాకు వచ్చేది ఇదే. ఇలాగే వస్తుంది."

ప్యో గారికి ఏం జరుగుతోందో సగమే అర్థమైనట్టుంది. అయినా మర్యాదగా క్యాలెండరు కోసం వెతికారు. అత్త కొట్లో క్యాలెండరు లేదు.

అమ్మ కిమ్చీ పళ్లెం దగ్గరికి లాక్కుంది. ఊరిన క్యాబేజీ ఆకు పెద్దది ఒకటి తీసి, చేత్తో నిలువుగా చీల్చి, ఆయన గిన్నెలో నూడుల్స్ మీద పెట్టింది. అమ్మ అలా ఇంకెవరికీ పెట్టదు. నాన్నకి పెట్టేది. నాకు పెడుతుంది.

"డాక్టరు గారు నన్ను తీపి పళ్లు తగ్గించమన్నారు. తోటకొచ్చినా పెద్దగా తినలేను" అంది.

"పర్లేదండీ. కోస్తూ ఉండండి. తినడం నేను చూసుకుంటా" అని ఆయన ఆ కిమ్చీ ముక్కని చల్లారిపోతుందేమో అన్నంత తొందరగా నోట్లో పెట్టుకున్నారు.

అత్త అడక్కుండానే అమ్మకి ఇంకో గిన్నె నింపింది. అమ్మ వద్దనలేదు. ఎన్నడూ లేనిది ఆ మొహంలో ఏ తొందరా లేదు. నాకు మాత్రం గుండె దడదడా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను ఏ మందూ తాగలేదు. బడిలో వందల మంది పిల్లలకి ఎన్ని బస్తాల బియ్యం పోయాలో నిద్రలో అడిగినా చెబుతాను. ఇంట్లో మిగిలే ఒక్క మనిషికి ఎంత పోయాలో తెలుసుకోవాల్సిన అవసరం నాకెప్పుడూ పడలేదు.

అమ్మ ఇంకో ఆకు చీల్చింది. సగం నా గిన్నెలో పెట్టింది.

"ఏమే, అలా చూస్తావేం? తిను. తర్వాత తూచుకోవచ్చు" అంది.